ఏ నిపుణుల దగ్గరకు వెళ్ళాలి? ఎవరిని నమ్మాలి? – చిన్నారుల ఎదుగుదలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వయసుకు తగిన ఎదుగుదల కనిపించని చిన్నపిల్లల గురించి గత సంచికలో రాసిన తరువాత విశాఖపట్నం నుంచి, చుట్టుపక్కల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఇంతమంది థెరపిస్టుల పేర్లు చెబుతున్నారు, వీరిలో ఎవరు ఏం చేస్తారు, డబ్బు పోయినా ఫరవాలేదు గానీ కాలం పోకుండా చూసుకోవడం ఎలా అన్నది వాటిలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న. అయిదు ఉత్తరాలు ఎంచుకుని, రాసినవారి పేర్లూ ఆనవాళ్ళూ తొలగించి జవాబులు ఇస్తున్నాను. నేను వైద్యురాలిని కాను, ప్రత్యేక ఉపాధ్యాయినిని. మందుల గురించి ఇక్కడ ఏమీ చెప్పను.

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ళ మూడు నెలలు. ఇంకా ఒక్క మాటా రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు గానీ ఫోన్‌లో పాట మొదలైతే పక్క గదిలోంచి పరుగెత్తుకొస్తాడు. ఏం కావాలన్నా నా చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళతాడు. ఇంగ్లీషు అక్షరాలన్నీ గుర్తుపడతాడు. మా అత్తగారు “వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి” అంటూ రోజూ వస కొమ్ము అరగదీసి బాబు చేత నాకిస్తున్నారు. డాక్టరు గారు మూడేళ్ళు నిండేదాకా చూద్దామన్నారు. పక్కింటివారు స్పీచ్ థెరపీ అంటున్నారు, ఆడపడుచు న్యూరాలజిస్టు అంటోంది. ముందు ఎవరి దగ్గరకు వెళ్ళాలి? – ఒక తల్లి, గాజువాక

జవాబు: ముందు ఆడియాలజిస్టు, అంటే వినికిడిని పరీక్షించే నిపుణుల దగ్గరకు వెళ్ళండమ్మా. ఫోన్ పాటకు పరుగెత్తుకొస్తున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నాయని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. కానీ కొన్ని శబ్దాలు వినబడడం వేరు, మాటలోని ప్రతి అక్షరమూ స్పష్టంగా వినబడడం వేరు. జలుబు తగ్గిన తరువాత కూడా చెవి లోపల నీరు నిలిచిపోయిన పిల్లలకు పాట వినబడుతుంది, మాట మాత్రం గోడ అవతల నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఓ.ఏ.ఇ. అనే పరీక్షలో చెవిలో చిన్న గొట్టం లాంటిది పెట్టి కొద్ది నిమిషాలలో చూస్తారు. బెరా అనే పరీక్షకు బిడ్డ నిద్రపోవాలి, తలకు చిన్న తీగలు అంటిస్తారు. ఈ రెండింటిలో నొప్పి కలిగించేది ఏదీ లేదు. వినికిడి పరీక్ష చేయించకుండానే స్పీచ్ థెరపీ మొదలుపెట్టే చోట నేనైతే బిడ్డను చేర్చను.

ఆ తరువాత, లేదా అదే వారంలో, డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్‌ను, అంటే పిల్లల ఎదుగుదల మీద ప్రత్యేకంగా పనిచేసే పిల్లల డాక్టరును కలవండి. మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిన చోటు మాటలు రాలేదన్న వాక్యం కాదు, చెయ్యి పట్టుకుని లాక్కెళతాడన్న వాక్యం. మాటలు రాని పిల్లలు చాలామంది వేలితో చూపిస్తారు. కావలసినదాన్ని చూపించడమే కాక, తాము చూసిన వింతను మీరు కూడా చూడాలని చూపిస్తారు. గాజువాక మీదుగా విమానం వెళుతున్నప్పుడు మీవాడు వేలు పైకెత్తి చూపి, మీరు చూశారా లేదా అని మీ ముఖం వంక తిరుగుతాడా? ఆ తిరిగి చూడడమే మాటకు మొదలు. అది లేకపోతే, పేరుకు పలకకపోవడంతో కలిపి చూసినప్పుడు, ఆటిజం (ఇతరులతో కలవడం, భావాలు పంచుకోవడం వేరుగా ఎదిగే స్థితి) కోణంలో పరీక్షించవలసిన అవసరం ఉంది. పదహారు నెలల నుంచి ముప్ఫై నెలల లోపు పిల్లల కోసం ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పట్టిక ఉంది, మీ బాబు ఇంకా ఆ వయసులోనే ఉన్నాడు. అది జల్లెడ మాత్రమేనని గుర్తుంచుకోండి. అందులో అనుమానం వచ్చినంత మాత్రాన ఆటిజం ఉందని కాదు, నిర్ధారణ చేయవలసినది డాక్టరూ క్లినికల్ సైకాలజిస్టూ బిడ్డను స్వయంగా చూసి.

మూడేళ్ళ దాకా చూద్దామన్న సలహా గురించి నా అభిప్రాయం దాచుకోను. ఆలస్యంగా మాటలు వచ్చి, తరువాత అందరితో సమానమయ్యే పిల్లలు ఉన్న మాట నిజమే, బహుశా మీవారు అలాంటివారే. అయితే రెండేళ్ళ వయసులో ఇద్దరు పిల్లలను పక్కపక్కన కూర్చోబెట్టి, వీడికి వాటంతట అవే వస్తాయి, వాడికి రావు అని ఖాయంగా చెప్పగలిగినవారు ఎవరూ లేరు. అనవసరంగా మొదలుపెట్టామని తేలితే పోయేది కొంత ప్రయాణం, కొంత ఫీజు. అవసరమై ఉండి మొదలుపెట్టకపోతే పోయేది బిడ్డ మెదడు అన్నిటికన్నా వేగంగా నేర్చుకునే సంవత్సరం. న్యూరాలజిస్టు విషయానికొస్తే, మూర్ఛలు వస్తున్నా, వచ్చిన మాటలూ చేతలూ పోతున్నా, నడకలో తేడా ఉన్నా వెంటనే చూపించాలి. మీరు రాసినదానిలో అవేవీ లేవు.

స్పీచ్ థెరపిస్టు అంటే నాలుక తిప్పించేవారని చాలామంది అనుకుంటారు. మీ బాబులాంటి పిల్లవాడికి మంచి థెరపిస్టు మొదటి నెలల్లో పలికించడానికి ప్రయత్నించకపోవచ్చు కూడా. నేల మీద కూర్చుని, వాడు తిప్పే బండి చక్రాన్నే తానూ తిప్పి, మధ్యలో ఆపి, వాడు తలెత్తి చూసేదాకా ఎదురుచూస్తారు. ఆ చూపు, ఆ తరువాత సైగ, ఆ తరువాత శబ్దం, ఆ పైన మాట. దీనికి బదులుగా నోట్లో బ్రష్షుతో రుద్దడం, కొవ్వొత్తి ఊదించడం, బుడగలు ఊదించడమే రోజంతా సాగితే, వాటివల్ల మాటలు వస్తాయనడానికి తగిన ఆధారం లేదని తెలుసుకోండి.

వస సంగతి. గలగలా మాట్లాడేవారిని వస పోసినట్టు మాట్లాడుతున్నారనడం మన భాషలో అందమైన నుడికారం, అంతవరకే. వస వల్ల వాంతులు కావచ్చు, మాటలు మాత్రం రావు, దయచేసి మానిపించండి. అయితే అత్తగారిని పక్కన పెట్టకండి, ఈ పనికి ఇంట్లో ఆవిడకన్నా తగినవారు లేరు. గోరుముద్ద నోటిదాకా తెచ్చి ఆపమనండి, చప్పట్ల ఆట సగంలో ఆపమనండి, మనవడు తన కళ్ళలోకి చూశాకే ముందుకు సాగించమనండి. ఫోన్ వల్ల ఆటిజం రాదు గానీ, అది మింగేసే గంటలు మీవి. రెండేళ్ళలోపు తెర అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ళ వరకు రోజుకు గంట మించవద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టడం జ్ఞాపకశక్తికి గుర్తు. అమ్మను పిలవడం వేరే విద్య.

ప్రశ్న: మా పాప ఏడో నెలలో పుట్టింది, ఇప్పుడు పద్నాలుగు నెలలు. సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు తగ్గే స్థితి) అన్నారు. మెడ నిలుస్తోంది, కూర్చోలేదు, కాళ్ళు బిగుసుకుపోతాయి. ఫిజియోథెరపిస్టు వారానికి మూడు రోజులు ఇంటికి వస్తున్నారు. ఇప్పుడు ఆక్యుపేషనల్ థెరపీ కూడా కావాలంటున్నారు. రెండూ ఒకటే కదా? మా అమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పాలు, జావ పోస్తుంది, గంట పడుతుంది, పాపకు ఎప్పుడూ దగ్గే. నేను ఆటో నడుపుతాను, రెండు ఫీజులు కట్టలేను. – ఒక తండ్రి, గోపాలపట్నం

జవాబు: మీరు చివరలో మామూలుగా రాసిన దగ్గు సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. మన ఇళ్ళలో చంటిబిడ్డను చాపిన కాళ్ళ మీద వెల్లకిలా వేసుకుని ఉగ్గుగిన్నెతో పోయడం తరతరాల అలవాటు. కానీ మింగే కండరాల మీద పట్టు లేని బిడ్డకు ఆ భంగిమలో పాలు ఊపిరితిత్తుల దారి పట్టే ప్రమాదం ఉంది. తినిపించేటప్పుడు దగ్గడం, గొంతు గురగురలాడడం, మాటిమాటికీ నిమ్ము చేయడం దానికి గుర్తులు కావచ్చు. ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పండి. ఈలోగా పాపను నిటారుగా, తల వెనక్కి వాలిపోకుండా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా, ఒక గుటక మింగాకే మరొకటి ఇవ్వమని అమ్మగారికి చెప్పండి. మింగడంలో ఇబ్బందిని పరీక్షించి సరిచేయడం స్పీచ్ థెరపిస్టుల చదువులో భాగమని చాలామందికి తెలియదు.

ఇక మీ ప్రశ్న. రెండూ ఒకటి కావు. ఫిజియోథెరపిస్టు మెడ, నడుము, తుంటి, కాళ్ళ బలమూ భంగిమా చూస్తారు, కండరాలు కురచబారిపోకుండా కాపాడతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ శరీరంతోనే పాప తినడం, బొమ్మ పట్టుకోవడం, రేపు చొక్కా తొడుక్కోవడం ఎలాగో చూస్తారు, ఎక్కడ ఎలా కూర్చోబెడితే చేతులు పనిచేస్తాయో కనిపెడతారు. రెండు ఫీజులు కట్టలేనప్పుడు ఆక్యుపేషనల్ థెరపిస్టును నెలకు ఒకటి రెండు సార్లు కలిసి, ఇంట్లో చేయవలసినది నేర్చుకుని వస్తే చాలావరకు పని నడుస్తుంది, అలా నేర్పడానికి ఒప్పుకునేవారినే వెతకండి. గట్టి అట్టపెట్టెను మూలగా కోసి, లోపల పాత చీరలు మడతపెట్టి, వీపుకూ పక్కలకూ ఆసరా ఉండేలా మూల కుర్చీ చేసుకున్న కుటుంబాలను చూశాను. దాని కొలతలు మాత్రం థెరపిస్టునే అడగాలి.

నెలలు నిండక పుట్టింది గనుక, రెండేళ్ళు వచ్చేవరకు ఎదుగుదలను లెక్కించేటప్పుడు ఎన్ని వారాల ముందు పుట్టిందో అంత కాలాన్ని వయసులోంచి తీసివేసి చూడాలి. కళ్ళ పరీక్ష కూడా తప్పనిసరి, పుట్టినప్పుడు చేయించకపోతే ఇప్పుడైనా చేయించండి. హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. బిగుసుకుపోయే కాళ్ళున్న పిల్లలకు తుంటి కీలు మెల్లగా జారిపోయే అవకాశం ఉంది కాబట్టి, ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలో ఎముకల డాక్టరును అడిగి ఉంచుకోండి.

ఖర్చు విషయంలో రెండు దారులు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్.బి.ఎస్.కె.) కింద జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలలో ఈ సేవలు ఉచితం. మీ వార్డు ఏ.ఎన్.ఎం. లేదా కింగ్ జార్జ్ ఆసుపత్రి పిల్లల విభాగం ద్వారా అక్కడికి పంపించమని అడగండి. రెండవది, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కిందికి వచ్చే ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకు ఉన్న నిరామయ ఆరోగ్య బీమా. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉండే ఈ బీమాలో, కొన్ని పరిమితులకు లోబడి, థెరపీ ఖర్చు కూడా వస్తుంది. దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి.

ప్రశ్న: మనవడికి నాలుగేళ్ళు, ఆటిజం అని నిర్ధారణ అయింది. అమ్మాయి, అల్లుడు ఉద్యోగాలకు వెళతారు కాబట్టి నేనే తీసుకెళుతున్నాను. ఇప్పుడు వెళుతున్న కేంద్రంలో ఆరు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు, వారానికి రెండు సార్లు నలభై అయిదు నిమిషాలు. మమ్మల్ని లోపలికి రానివ్వరు, తలుపు అవతల ఏడుపు వినిపిస్తుంది. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలన్నారు, నాకూ మా ఆవిడకూ ఇంగ్లీషు అంతంతమాత్రం. మరొకరు స్టెమ్ సెల్ (మూలకణ) చికిత్సతో పూర్తిగా నయమవుతుందంటున్నారు. మంచి నిపుణులను గుర్తించేదెలా? – ఒక తాతగారు, సీతమ్మధార

జవాబు: పెద్దలు మీరు, నేరుగా చెబుతాను. తలుపు అవతలే కూర్చోవలసిన చోట మనవడిని ఉంచకండి.

లెక్క చూడండి. వారానికి రెండు నలభై అయిదు నిమిషాలంటే గంటన్నర. పిల్లవాడు మెలకువగా ఉండేది రోజుకు పన్నెండు గంటలనుకున్నా వారానికి 84 గంటలు. మిగిలిన ఎనభై రెండున్నర గంటలూ వాడు మీతో, అమ్మమ్మతో, అమ్మానాన్నలతో ఉంటాడు. ఆ గంటన్నరలో ఏం జరిగిందో, దాన్ని ఇంట్లో ఎలా కొనసాగించాలో మీకు తెలియకపోతే, ఎంత చదివిన థెరపిస్టు అయినా బిందెలో చెంచాడు నీళ్ళు పోసినట్టే. మొదటి రోజుల్లో కొందరు పిల్లలు పెద్దవాళ్ళను చూసి పనిచేయరన్నది నిజం. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కారణం చెప్పి ఒక తల్లిని నెలల తరబడి బయటే కూర్చోబెట్టాను. పిల్లవాడు నా దగ్గర చేసే పని ఒక్కటీ ఇంట్లో చేయలేదు, ఆ తప్పు వాడిది కాదు, నాది. అప్పటినుంచి నా గదిలో పెద్దవాళ్ళకూ ఒక చాప ఉంటుంది. పిల్లవాడు ఇబ్బంది పడితే అద్దంలోంచో కెమెరాలోంచో చూపించవచ్చు, చివరి పది నిమిషాలకు లోపలికి పిలవవచ్చు. ఏదీ కుదరదనేవారిని నమ్మడం కష్టం. ఏడుపు గురించి కూడా అడగండి. కొత్త చోటుకు భయపడి ఏడ్చే ఏడుపు కొన్ని రోజుల్లో తగ్గాలి. నెల గడిచినా తగ్గకపోతే లోపల జరుగుతున్నది నేర్పడం కాకపోవచ్చు. కొట్టడం, గిచ్చడం, చీకట్లో కూర్చోబెట్టడం థెరపీలో భాగం ఎంతమాత్రమూ కావు.

చదువు సంగతి నిర్భయంగా అడగవచ్చు. స్పీచ్ థెరపిస్టులు, ఆడియాలజిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయులు 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో, అంటే ఆర్.సి.ఐ.లో, పేరు నమోదు చేసుకుని ఉండాలి. వారికి సి.ఆర్.ఆర్. నంబరు ఉంటుంది, దాన్ని మండలి వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ మండలి పరిధిలోకి రారు గనుక వారి డిగ్రీ ఏమిటో అడగాలి, బి.పి.టి., బి.ఓ.టి. కోర్సులు వారి మూల విద్య. బోర్డు మీద ఒకరి పేరుండి, గదిలో పిల్లలతో కూర్చునేది ఆరు వారాల శిక్షణ పొందిన మరొకరు కావడం మన ఊళ్ళో అరుదేమీ కాదు, కాబట్టి మీ మనవడితో కూర్చునే మనిషి గురించి అడగండి. వచ్చే మూడు నెలల్లో ఏం సాధించాలనుకుంటున్నారో కాగితం మీద రాసిమ్మనండి. “ఐ కాంటాక్ట్ పెరుగుతుంది” అని రాస్తే సరిపోదు. “నీళ్ళు కావాలంటే గ్లాసు చూపించి అడుగుతాడు” అని రాస్తే, అడిగాడో లేదో మీరే చూసి చెప్పగలరు.

భాష విషయంలో వారి సలహా పాటించనవసరం లేదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట మరింత ఆలస్యమవుతుందని పరిశోధనలు చూపించలేదు. పైగా రాని భాషలో మాట్లాడవలసివచ్చిన తాతయ్య మాట్లాడడమే తగ్గించేస్తారు. మీరు తెలుగులోనే మాట్లాడండి, చిన్న వాక్యాలతో, చేస్తున్న పనిని చెబుతూ. రైతు బజారుకు తీసుకెళ్ళి, “వంకాయ. నల్ల వంకాయ. సంచిలో వేద్దాం” అంటే అది ఏ తరగతికీ తీసిపోదు. థెరపిస్టుకు తెలుగు వచ్చా అన్నది కూడా అడగదగిన ప్రశ్న.

స్టెమ్ సెల్ వైపు వెళ్ళకండి. ఆటిజానికి దాన్ని చికిత్సగా సిఫారసు చేయలేమని, అలా చేయడం వృత్తి నియమాల ఉల్లంఘన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామని ఎవరన్నా అక్కడినుంచి లేచి రావచ్చు. ముందే కట్టిన ఫీజులో మిగిలినది రాతపూర్వకంగా అడగండి, రాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. అయితే ఆ డబ్బు కోసం మిగిలిన నెలలు అక్కడే గడపకండి.

ప్రశ్న: మా పాపకు డౌన్ సిండ్రోమ్, అయిదేళ్ళు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) తీసుకుంటే జీవితాంతం ముద్ర పడిపోతుందని బంధువులు భయపెడుతున్నారు. తీసుకోవాలా? – ఒక తల్లి, అక్కయ్యపాలెం

జవాబు: తీసుకోండి. అది మీ బీరువాలో ఉండే కాగితం, అవసరమైనచోట మీరు చూపిస్తేనే ఎవరికైనా తెలుస్తుంది. చిన్నపిల్లలకు సాధారణంగా కొంతకాలానికే ఇచ్చి, పెద్దయ్యాక మళ్ళీ పరీక్షిస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఉచిత విద్య హక్కు అని అదే చట్టం చెబుతోంది. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి 75,000 రూపాయలు, తీవ్ర వైకల్యమైతే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది. బడిలో చేర్చేముందు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రానికి వెళ్ళి అక్కడి ఐ.ఇ.ఆర్.టి.లను, అంటే సమ్మిళిత విద్య ఉపాధ్యాయులను కలవండి, మామూలు బడిలో మీ పాపకు ఏ సాయం అందుతుందో వారికి తెలుసు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు గుండె, థైరాయిడ్, వినికిడి పరీక్షలు తప్పనిసరి అన్న సంగతి మీకు డాక్టరు గారు చెప్పే ఉంటారు, చెప్పకపోతే అడగండి.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ కార్యకర్తను. మా కేంద్రానికి వచ్చే మూడేళ్ళ పాపకు మాట రాదు, వెనుకనుంచి పిలిస్తే పలకదు. మత్స్యకార కుటుంబం. తల్లికి చెబితే “మా పిల్లకు పిచ్చంటావా” అని రెండు వారాలు పాపను పంపలేదు. తండ్రి, వేటకు విరామం వచ్చాక చూద్దామన్నాడట. ఎలా చెప్పాలి? – ఒక కార్యకర్త, భీమిలి ప్రాంతం

జవాబు: మీరు గమనించారు, అది చాలా పెద్ద పని. చెప్పేటప్పుడు జబ్బు పేరు, లోపం, తేడా అన్న మాటలేవీ వాడకుండా, చూసినది మాత్రమే చెప్పండి. “పాప బొమ్మలు చక్కగా పేరుస్తోంది, నేను ఎదురుగా ఉంటే నవ్వుతోంది, వెనుకనుంచి నాలుగుసార్లు పిలిస్తే ఒక్కసారీ తిరగలేదు, ఇంట్లో కూడా అంతేనా?” అని అడిగి ఆగిపోండి. తల్లికి తెలియని సంగతి కాదది. ఎవరితోనూ అనలేక దాచుకున్నది. నలుగురూ గుడ్లు, పాలు తీసుకెళ్ళడానికి వచ్చిన వేళ కాకుండా, ఇంటికి వెళ్ళినప్పుడు, వీలైతే అమ్మమ్మ కూడా ఉండగా అడగండి. తల్లీబిడ్డల రక్షణ కార్డులో వయసులవారీగా ఎదుగుదల మెట్లు బొమ్మలతో ఉంటాయి, కార్డు ఆమె చేతికే ఇచ్చి చూడమనండి. మీరు చెప్పినట్టు కాక కార్డు చెప్పినట్టు ఉంటుంది.

ఆర్.బి.ఎస్.కె. బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావలసి ఉంది. ఈసారి వచ్చేరోజు పాప తప్పక ఉండేలా చూసి, వారితో మీరే మాట్లాడండి. దివ్యాంగ బాలల కోసం 2023లో కేంద్రం విడుదల చేసిన అంగన్‌వాడీ ప్రోటోకాల్ కూడా గుర్తించడం, కుటుంబాన్ని కలుపుకోవడం, పై కేంద్రానికి పంపడం అన్న పనులలో మీకు స్థానం ఇచ్చింది. కాబట్టి, ఇది నీ పనా అని ఎవరైనా అంటే, అవును, నా పనే అనండి.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆ 61 రోజులు తండ్రి ఇంటిపట్టున ఉంటాడు, థెరపీకి తీసుకెళ్ళడం, ఇంట్లో ఏం చేయాలో నేర్చుకోవడం అతనికి అప్పుడు కుదురుతుంది. చెవి పరీక్షకు మాత్రం అతని కోసం ఆగనవసరం లేదు. ఆ ఒక్క రోజు తల్లితో పాటు బస్సెక్కి మీరు కూడా వెళ్ళగలరేమో మీ సూపర్‌వైజరును అడిగి చూడండి.